ఆటలో గుణపరీక్షకుడు

మదనపల్లె టమాటా మార్కెట్టు మన దేశములోని పెద్ద టమాటా మార్కెట్టులలో ఒకటి. అచ్చటికి వచ్చు కాయలన్నియు ఒక్క తీరున నుండవు. దోరకాయ దూరపు నగరమునకు పోవలెను. బాగుగా పండినది దగ్గరి ఊరిలోనే అమ్ముడుపోవలెను. చెడినదానిని తీసి పారవేయవలెను. ఏరువారి కన్ను ఏమరినచో ఒక్క కుళ్ళిన కాయ క్రేటునంతటిని చెరుపును. కుప్పము ప్రాంతమున పట్టుపురుగులను పెంచు రైతు, గూళ్ళను అమ్మకమునకు తీసికొనిపోవుటకు ముందు మరకపడిన వానిని, జంటగూళ్ళను వేరుచేయును. పుంగనూరు పేరును దేశమున చాటిన పొట్టి ఆవుల జాతి నశింపకుండ నిలువవలెనన్నను, ఏ దూడయందు ఆ జాతి లక్షణములు కలవో ఓపికతో పరీక్షింపక తప్పదు. టమాటా తినువారు గాని, పట్టుచీర కట్టువారు గాని, పాలు త్రాగువారు గాని ఈ పరీక్షకుల పేరెరుగరు. అయినను వస్తువు మేలిమి నిలుచుట వారి శ్రమ వలననే.

ఇట్టి పరీక్షకులు ఆటలయందును కలరు. వారు బంతిని ముట్టరు. ప్రేక్షకుల చప్పట్లు వారికి దక్కవు. కాని జట్టు గెలుపోటములలో వారి పాలు తక్కువది కాదు.

మన దేశమున ఫుట్‌బాలనగా కాలితో తన్ని ఆడు ఆట. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పేర ప్రసిద్ధమైనది వేరొక ఆట. దాని బంతి కోలగా నుండును. బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చును, ముందునకు విసరవచ్చును. మైదానములో ఒక్కొక్క జట్టునకు పదునొకండుగురు ఆడుదురు. బంతి గల జట్టు నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందునకు సాగవలెను. సాగినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును. లేనిచో బంతి ఎదిరి జట్టు వశమగును. ప్రతి ప్రయత్నము కొన్ని క్షణములలో ముగియును. పిమ్మట ఆట నిలుచును; ఇరుపక్షములవారు మరల బారులు తీరుదురు. ఇట్టి ప్రయత్నములు ఒక్క పోటీలో నూటికి పైగా జరుగును. అందుచే ఆ ఆటను తునుకలుగా విడదీసి, ఒక్కొక్క తునుకను విడిగా పరిశీలించుటకు వీలు కలిగినది.

ఆ దేశపు వృత్తి జట్లలో ప్రధాన శిక్షకుని క్రింద పెక్కుమంది ఉపశిక్షకులు పనిచేయుదురు. వారిలో మొదటి మెట్టు వంటి పదవి ‘క్వాలిటీ కంట్రోల్ కోచ్’ అనునది. గుణపరీక్షకుడని దానిని తెలుగున చెప్పవచ్చును. సాధారణముగా దాడి విభాగమునకు ఒకరును, రక్షణ విభాగమునకు ఒకరును ఉందురు.

గుణపరీక్షకుని పని ముఖ్యముగా మూడు విధములు. మొదటిది, రాబోవు పోటీలో ఎదుర్కొనవలసిన జట్టును పరిశీలించుట. ఆ జట్టు అంతకుముందు ఆడిన పోటీల చిత్రములను అతడు ముందు వేసికొని కూర్చుండును. ప్రతి ప్రయత్నమును ఆపి, వెనుకకు త్రిప్పి, మరల చూచును. అది ఎన్నవ ప్రయత్నము? ఇంక ఎన్ని గజములు సాగవలసియున్నది? ఆటగాండ్రు ఏ వరుసలో నిలిచిరి? బంతితో పరుగెత్తిరా, విసరిరా? ఫలితమేమి? వీనినన్నిటిని పట్టికకెక్కించును. ఒక్క ప్రయత్నమును చూచిన అది కాకతాళీయముగా తోచును. నూరింటిని ప్రక్కప్రక్కన పెట్టినపుడు అలవాటు బయటపడును. ‘మూడవ ప్రయత్నములో దూరమెక్కువయున్నపుడు వీరు తరచుగా కుడివైపునకే విసరుచున్నారు’ అని పట్టిక చెప్పగలదు. ప్రధాన శిక్షకుడు ఆ మాటను ఆధారము చేసికొని తన వ్యూహమును పన్నును.

రెండవది, అభ్యాసమునకు పటములు గీయుట. ఎదిరి జట్టు ఎట్లు నిలుచునో, ఎటు కదలునో అట్టలపై గీసి చూపగా, స్వపక్షములోని కొందరు శత్రుపక్షమువలె నటించి ఆడుదురు. తక్కినవారు వారి నెదిరించి అభ్యసింతురు. గీతలో తప్పున్నచో అభ్యాసమంతయు తప్పుదారి పట్టును.

మూడవది అన్నిటికంటె కష్టమైనది. అది తన జట్టునే పరుల కన్నుతో చూచుట. మన అలవాట్లను ఎదిరివాడు పసిగట్టుచున్నాడా? ఏ ఎత్తు పారుచున్నది? ఏ ఎత్తు పేరునకు మాత్రమే గొప్పగా నున్నది? ఏ పేరుపొందిన ఆటగాడు చోటు తప్పుచున్నాడు? ఈ ప్రశ్నలకు ప్రియమైన జవాబు చెప్పుట సులభము. నిజమైన జవాబు చెప్పుట దుష్కరము. చిన్న పదవిలో నున్నవాడు పెద్దవారి యెదుట వారి లోపమును లెక్కతో సహా చూపవలసివచ్చును. ఆ ధైర్యము లేనిచో అతని పట్టిక వట్టి కాగితమే.

ఈ పదవికి వచ్చు వేతనము స్వల్పము. పనిగంటలు మాత్రము దీర్ఘములు. అయినను గొప్ప శిక్షకులనేకులు ఈ మార్గముననే పైకి వచ్చిరి. బిల్ బెలిచిక్ 1975లో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టున చేరునాటికి అతని వయస్సు 23 ఏండ్లు. వారమునకు 25 డాలర్ల వేతనముపై అతడు పోటీల ఫిల్ములను చూచి వివరములు వ్రాసియుంచెడివాడు. ఈ విద్యకు అతని తండ్రియే మొదటి గురువు. నౌకాదళ విద్యాలయపు జట్టునకు శిక్షకుడైన ఆ తండ్రి, ఎదిరి జట్లను పరిశీలించు పద్ధతులను గూర్చి 1962లో ఒక గ్రంథమును ప్రకటించెను. కుమారుడు తరువాత న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టునకు ప్రధాన శిక్షకుడై, ఆ దేశమున మిక్కిలి గొప్పదగు సూపర్ బౌల్ పోటీని ఆరు పర్యాయములు గెలిపించెను.

ఇంతటి సామగ్రి లేకున్నను, ఈ గుణపరీక్షను మన తెలుగుగడ్డపై చేసి చూపిన మహనీయుడు ఒకడు కలడు. ఆయన హైదరాబాదునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన రహీం వృత్తిచే బడిపంతులు. 1950 మొదలు హైదరాబాదు నగర పోలీసు జట్టునకును, భారత జట్టునకును ఆయన శిక్షణ నొసగెను. 1950 నుండి 1954 వరకు పోలీసు జట్టు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పును గెలిచెను. భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో బంగారు పతకమును పొందెను.

విజయము కన్నులు మూయును, పరాజయము తెరపించును. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయెను. మనవారిలో పెక్కుమంది ఉత్తకాళ్ళతోనే ఆడిరి. ఆ పిమ్మట బూట్లు తొడుగుకొని ఆడుట తప్పనిసరి యయ్యెను.

రహీం దోషములను తెలిసికొనుటతో తృప్తి చెందలేదు. ఒక్కొక్క దోషమునకు ఒక్కొక్క మందు కనిపెట్టెను. బంతిని తన కాలియొద్దనే యుంచుకొని మెరుగులు చూపు అలవాటును మాన్పుటకై, అట్లు ఆడరాదను నియమముతో పోటీలు పెట్టెను. బంతి వచ్చినతోడనే తోటివానికి అందింపవలెను. ఒక్క కాలితోనే తన్నువారికై బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు నడపెను. ఫలము త్వరలోనే కనబడెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి, నాలుగవ స్థానమును పొందెను.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు ఆయన విద్యకు గట్టి పరీక్ష. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా 2-0 తేడాతో భారత జట్టును ఓడించెను. తరువాత థాయిలాండు, జపాను జట్లను మనవారు గెలిచిరి. కాని ఆ నడుమ వెనుక వరుసలో ఆడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. రహీం అతనిని సెమీఫైనలు పోటీలో ముందు వరుసకు మార్చెను. రక్షకుడు దాడికి దిగుట సాహసమే. అతడు ఆ పోటీలో గోలు చేసెను. సెప్టెంబరు 4వ తేదీన తుది పోటీలో ఎదురైనది మరల దక్షిణ కొరియాయే. నిండిన మైదానములో ప్రేక్షకులు భారతీయులకు ప్రతికూలముగా కేకలు వేయుచుండిరి. పి.కె. బెనర్జీ ఒక గోలును, జర్నైల్ సింగ్ ఒక గోలును చేయగా, భారత జట్టు 2-1 తేడాతో గెలిచెను. ఏ జట్టు చేతిలో ఓడిరో ఆ జట్టునే పది దినములలో ఓడించిరి. మరుసటి సంవత్సరము జూన్ 11వ తేదీన రహీం క్యాన్సరు వ్యాధితో కన్నుమూసెను.

ఈ విద్య అభ్యసించుటకు ధనము గాని, యంత్రములు గాని అక్కరలేదు. మదనపల్లెలోని ఒక పాఠశాల జట్టు పుంగనూరు జట్టుతో ఆడి ఓడినదనుకొనుడు. ఇంటికి మరలునపుడు ఒకరు మైదానము బాగులేదందురు. మరియొకరు ఎండను దూషింతురు. గట్టుపై కూర్చున్న విద్యార్థి యొకడు మాత్రము నోటుపుస్తకమున గీతలు గీసి లెక్క పెట్టియున్నాడు. బంతి ఎన్నిసార్లు చేజారినది? ఏ వైపున? ఎవరి వలన? అందరికి ఇష్టుడైన నాయకుడే ఎక్కువసార్లు బంతిని పోగొట్టినాడని ఆ గీతలు చెప్పుచున్నవి. ఆ విద్యార్థి పుస్తకమును మూసివేయవచ్చును. లేదా నాయకుని ప్రక్కకు పిలిచి మెల్లగా చూపవచ్చును. నాయకుడు కోపింపవచ్చును; లేదా మరునాటి అభ్యాసమున ఆ లోపమును దిద్దుకొనవచ్చును. కుప్పముతో జరుగబోవు పోటీ ఫలితము వీరిద్దరి నడవడిపై ఆధారపడియుండును.

తప్పును చూచుటకు కన్ను చాలును. దానిని చెప్పుటకు ధైర్యము వలయును. వినుటకు వినయము వలయును. ఈ మూడును కూడిన జట్టు ఒకనాడు ఓడినను, మరునాడు తలయెత్తుకొని నిలువగలదు.