ప్రామ్ గౌను కొనడానికి నాన్న తోడు వెళితే...

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయికి మే నెలలో ప్రామ్ (స్కూలు డాన్స్ పార్టీ). వాళ్ళమ్మ విజయవాడ వెళ్ళింది. గౌను కొనడానికి నన్నే రమ్మంటోంది. భుజాల్లేని గౌన్లు చూస్తేనే నాకు ఇబ్బంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి మిమ్మల్ని రమ్మంది. ముందు దానికి సంతోషించండి. మనవైపు ఓణీల ఫంక్షన్‌కి బట్టల ఎంపిక చాలావరకు ఆడవాళ్ళదే. నాన్న డబ్బిచ్చి పక్కకు తప్పుకుంటాడు. మీకు మాత్రం తన పక్కన కూర్చునే అవకాశం వచ్చింది.

బయల్దేరే ముందే బడ్జెట్ చెప్పండి, స్కూలు డ్రెస్ కోడ్ ఇద్దరూ కలిసి చదవండి. ఆల్టరేషన్ ఖర్చు విడిగా ఉంచండి. అంచు మడవడం, నడుము బిగించడం లాంటి పనులకు సీజన్‌లో వారాలు పడతాయి. కాబట్టి ఫిబ్రవరి, మార్చిలోనే కొనేయండి. ఆ రోజు వేసుకునే చెప్పులు తీసుకెళ్ళండి. చెప్పుల ఎత్తు తెలియకుండా అంచు కొలవలేరు. కొన్ని షాపులు స్కూలు పేరు రాసుకుని, అదే గౌను ఆ స్కూల్లో మరొకరికి అమ్మవు. అడిగి చూడండి.

ట్రయల్ రూమ్ తలుపు తెరుచుకోగానే మీ అమ్మాయి చూసేది అద్దం కాదు, మీ మొహం. ‘ఇదేం బట్టలు’ అనకండి. లావు, రంగు మాటే ఎత్తకండి. ‘కూర్చుని చూడమ్మా, చేతులెత్తి చూడు, డాన్స్ చేయగలవా?’ అని అడగండి. మాటిమాటికీ పైకి లాక్కోవాల్సిన గౌనైతే తనే వద్దంటుంది. మీ అభ్యంతరం ఏదైనా ఉంటే ఒక్కసారి, నెమ్మదిగా చెప్పండి. చివరి మాట తనకే వదలండి.