ఒకే రేకు, ఎన్నో రంగులు

పిల్లలూ! బంగాళాదుంప సగానికి కోసి, పువ్వు చెక్కి, రంగు పూసి కాగితం మీద ఎప్పుడైనా అద్దారా? ముద్రణకళకు అదే మొదటి పాఠం. మరి మూడు రంగుల పువ్వు కావాలంటే? మామూలుగా రంగుకొక అచ్చు చెక్కుకోవాలి. అన్నీ ఒకే అచ్చు మీద వేయలేమా?

వేయవచ్చని చూపించిన వారిలో మన తెలుగువారు ఒకరున్నారు. ఆయన పేరు కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. శాంతినికేతన్ లో నందలాల్ బోస్ దగ్గర చిత్రకళ, లండన్ లో హెన్రీ మూర్ దగ్గర శిల్పకళ నేర్చుకుని పారిస్ చేరారు. ఆ ఊరికి అచ్చుబొమ్మలంటే పాత ప్రేమ. ఎచింగ్ చేసే కళాకారులు అక్కడ 1862లోనే సంఘం పెట్టుకున్నారు. అక్కడి 'అటెలియే 17' అనే పనిశాలలో హేటర్, కైకో మోతీ, కృష్ణారెడ్డి కలిసి చేసిన ప్రయోగాల నుంచి 'విస్కాసిటీ ప్రింటింగ్' రూపుదిద్దుకుంది.

విస్కాసిటీ అంటే ద్రవం చిక్కదనం. నీళ్ళు గబగబా పారతాయి, ఆముదం మెల్లగా జారుతుంది కదా! పద్ధతి ఇదీ:

1. లోహపు రేకును శిల్పంలా మిట్టపల్లాలుగా చెక్కుతారు.
2. నూనె ఎక్కువ కలిపిన పలుచని రంగును గట్టి రోలరుతో దొర్లిస్తారు. అది మిట్టలకే అంటుతుంది.
3. చిక్కటి రంగును మెత్తటి రోలరుతో దొర్లిస్తారు. రోలరు నొక్కుకుని పల్లాల్లోకి దిగుతుంది. మిట్టల మీది నూనె తడి చిక్కటి రంగును అంటనివ్వదు.
4. కాగితం పరిచి ప్రెస్సులో ఒక్కసారి నొక్కితే రంగులన్నీ వచ్చేస్తాయి.

వరుస తారుమారైతే రంగులు కలిసిపోతాయి!

1968లో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు ఆయన 'డెమాన్‌స్ట్రేటర్స్' అనే బొమ్మ చెక్కారు. సర్కస్ విదూషకుడిని 'గ్రేట్ క్లౌన్'గా మలిచారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. తరువాత మన హెర్న్‌డన్ కు నాలుగైదు గంటల దూరంలోని న్యూయార్క్ లో స్థిరపడి, అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 2018లో కన్నుమూశారు.

కిటుకు తన దగ్గరే దాచుకుంటే అది ఆయనతోనే పోయేది. అడిగినవారికల్లా నేర్పారు కనుక ఈ రోజుకీ ఎందరో కళాకారుల చేతుల్లో బతికి ఉంది. భాష అయినా అంతే.

కొత్త మాటలు: మిట్ట, పల్లం, అచ్చు, పనిశాల.

ఇంటిపని: వంటింట్లో చిక్కటివి మూడు, పలుచనివి మూడు వెతికి పేర్లు తెలుగులో రాయండి. తెలియని పేర్లు అమ్మమ్మనో, తాతగారినో ఫోన్ లో అడగండి.