ఇంటి దగ్గర సేవ, ఆఖరి రోజుల సేవ: లెక్క ఎలా తీయాలి?

సందేహం: అమెరికాలో హోం హెల్త్, హాస్పీస్ సేవల గణాంకాలు ఎలా సేకరిస్తారు? రోగుల ఇళ్లకు వెళ్లి అడుగుతారా?
– స్టాటిస్టిక్స్ విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: ఇళ్లకు వెళ్లరు. అక్కడి నేషనల్ సెంటర్ ఫర్ హెల్త్ స్టాటిస్టిక్స్ 1992లో ఈ సేవల మీద జాతీయ సర్వే మొదలుపెట్టింది. చివరిది 2007లో జరిగింది. ముందు సేవాసంస్థల జాబితాలోంచి కొన్నిటిని, తర్వాత ఒక్కో సంస్థలో పదిమందికి మించకుండా రోగులను శాంపిల్‌గా తీశారు. జవాబులు చెప్పింది కేస్ షీట్లు దగ్గర పెట్టుకున్న సిబ్బందే. 2007లో వెయ్యికి పైగా సంస్థల నుంచి 9,416 మంది వివరాలు వచ్చాయి. 2012లో మొదలైన కొత్త అధ్యయనం ఈ రెండు సేవలకూ ప్రభుత్వ రికార్డులనే వాడుతోంది. హాస్పీస్‌కు మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) బిల్లులే ఆధారం కాబట్టి, మెడికేర్ లేనివారు ఆ లెక్కలో కనిపించరు.

సందేహం: 2007 సర్వేలో హోం హెల్త్‌కు ప్రస్తుత రోగులను, హాస్పీస్‌కు మాత్రం సేవ ముగిసినవారిని తీసుకున్నారు. ఎందుకీ తేడా?
– డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, తిరుపతి

సమాధానం: రెండే మంచాలున్న హాస్పీస్ అనుకోండి. ఒక మంచం మీద ఒకే రోగి 360 రోజులున్నారు. రెండో మంచం మీద ఒకరి తర్వాత ఒకరుగా 24 మంది, తలా 15 రోజులున్నారు. మీరు ఏ రోజు వెళ్లినా ఇద్దరే కనిపిస్తారు: దీర్ఘకాలం ఉన్నవారు ఒకరు, కొద్దిరోజులున్నవారు ఒకరు. సగం సగం అని రాసుకుని వస్తారు. నిజానికి 25 మందిలో 24 మంది కొద్దిరోజులవారే. సేవ ముగిసినవారి జాబితా పట్టుకుంటే ఆ 24 మందీ లెక్కలోకి వస్తారు. హాస్పీస్‌లో సేవ ఎక్కువగా మరణంతోనే, అదీ చాలామందికి కొద్దిరోజుల్లోనే, ముగుస్తుంది గనుక ఈ జాగ్రత్త తప్పనిసరి.

సందేహం: న్యూజెర్సీలో ఉన్న మా అక్కయ్యను హాస్పీస్‌లో చేర్పించారు. అక్కడ రోగులు ఉండేది 95 రోజులని ఒకచోట, 18 రోజులని ఇంకోచోట చదివి కంగారుపడుతున్నాను. ఏది నిజం?
– ఒక గృహిణి, గుంటూరు

సమాధానం: రెండూ నిజమేనమ్మా. 2022లో మరణించిన మెడికేర్ హాస్పీస్ రోగుల సగటు దాదాపు 95 రోజులు, మధ్యగతం 18 రోజులు. మతిమరుపు వ్యాధి వంటివాటితో చాలాకాలం ఉండే కొద్దిమంది సగటును పైకి లాగుతారు. సగం మంది మాత్రం 18 రోజులకు మించి ఉండరు. అయితే ఈ అంకెలు మీ అక్కయ్య ఆయుష్షు చెప్పవు. రోగి ఆరు నెలలకు మించి బతకకపోవచ్చని ఇద్దరు డాక్టర్లు ధ్రువీకరిస్తే చేర్చుకుంటారు. గడువు దాటినా, అదే మాట డాక్టరు మళ్లీ ధ్రువీకరిస్తే సేవ కొనసాగుతుంది. వద్దనుకుంటే ఎప్పుడైనా బయటికి రావచ్చు. ఆ 18 నిజంగా చెప్పేది, చాలామంది ఆలస్యంగా చేరుతున్నారని. నొప్పి తగ్గించే సేవ వారికి చివరి రెండు మూడు వారాలే దక్కుతోంది.

సందేహం: మా ఊళ్లో మంచాన పడ్డవారికి ఇంటి దగ్గరే సేవ చేస్తున్నాం. రిజిస్టర్‌లో ఏం రాయాలి?
– యువజన సంఘం, ఖమ్మం జిల్లా

సమాధానం: కబురు అందిన తేదీ, మొదట వెళ్లిన తేదీ విడివిడిగా రాయండి. వెళ్లిన ప్రతిసారీ నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతో రోగినే అడిగి రాయండి. ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు, సేవ ఎప్పుడు, ఎందుకు ముగిసింది, మరణం ఇంట్లోనా ఆసుపత్రిలోనా అన్నవీ ఉండాలి. పేర్లు వేరే పుస్తకంలో దాచి, రిజిస్టర్‌లో నంబర్లే వాడండి. మీరు వెళ్లేలోపే కన్నుమూసినవారిని జాబితాలోంచి కొట్టేయకండి. వారి సంఖ్య ఎక్కువగా ఉంటే ఆశా కార్యకర్తతో, పీహెచ్‌సీ డాక్టరుతో మాట్లాడి కబురు ముందే అందేలా చూసుకోండి.