నెలలు నిండని బిడ్డ ఎముకలు – మెల్లని వ్యాయామం

37 వారాలు పూర్తికాక ముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటాము. ఇటువంటి బిడ్డకు ఊపిరి, వెచ్చదనం, పాలు ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు. కానీ ఎముకల గురించి చాలామంది ఆలోచించరు. తల్లులు, ముఖ్యంగా నీళ్ళు పోసే అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ పాఠాన్ని శ్రద్ధగా చదవాలి. చదువురాని వారికి చదివి వినిపించండి.

ఎముకలు ఎందుకు బలహీనంగా ఉంటాయి?

బిడ్డ ఎముకలకు కావలసిన కాల్షియం, భాస్వరం సుమారు 80 శాతం గర్భంలోని చివరి మూడు నెలల్లోనే చేరతాయి. ముందే పుట్టిన బిడ్డకు ఆ నిల్వ అందదు. రెండో కారణం కదలిక. కడుపులో బిడ్డ గర్భసంచి గోడను తన్నుతూ ఉంటుంది. ఆ ఒత్తిడికి ఎముక గట్టిపడుతుంది. ముందే పుట్టి, కదలకుండా పడుకున్న బిడ్డకు అది ఉండదు. 28 వారాల లోపు పుట్టినవారికి, 1500 గ్రాముల లోపు బరువున్నవారికి ప్రమాదం ఎక్కువ. ఈ బలహీనత సాధారణంగా పుట్టిన 6 నుండి 12 వారాల మధ్య బయటపడుతుంది. పైకి ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే రక్తపరీక్ష చేస్తారు.

ఫిజియోథెరపీ ఏమి చేస్తుంది?

శిక్షణ పొందినవారు బిడ్డ మణికట్టు, మోచేయి, భుజం, చీలమండ, మోకాలు, తుంటి కీళ్ళను ఒక్కొక్కటిగా మెల్లగా ముడిచి చాపుతారు. చివరలో కీలు వైపు చాలా తేలికగా అదుముతారు. రోజుకు 5 నుండి 10 నిమిషాలు చాలు. 1995లో అమెరికాలో 26 మంది పిల్లలతో జరిగిన పరిశీలనలో, నాలుగు వారాలు ఇలా చేయించిన పిల్లల ఎముకల్లో ఖనిజం బాగా పెరిగింది. 2014లో కాక్రేన్ సంస్థ 11 పరిశోధనలను, 324 మంది పిల్లల వివరాలను కలిపి చూసింది. కొద్దికాలం బరువు, ఎముక బలం కొంత పెరగవచ్చని, అయితే ప్రతి బిడ్డకూ తప్పనిసరిగా చేయించమనేంత రుజువు లేదని తేల్చింది. కాబట్టి ఇది మందుకు, పాలకు తోడు మాత్రమే. డాక్టరు చెబితేనే చేయించాలి. పోషణ లేకుండా వ్యాయామం ఒక్కటే ఎముకను నిలబెట్టదు.

ఇంట్లో చేయకూడనివి

* నీళ్ళు పోసేటప్పుడు చేతులు, కాళ్ళు అడ్డంగా లాగి సాగదీయవద్దు. గట్టిగా నలుగు పెట్టవద్దు. నెలలు నిండిన బిడ్డ తట్టుకున్నది ఈ బిడ్డ తట్టుకోదు. ఎముక విరగవచ్చు.
* గుడ్డ మార్చేటప్పుడు రెండు కాళ్ళు పట్టుకుని పైకి ఎత్తవద్దు. పిరుదుల కింద చేయి పెట్టి ఎత్తండి.
* చోడి అంబలి తల్లికి మంచిది. అందులో కాల్షియం ఎక్కువ. కానీ బిడ్డకు ఆరు నెలల లోపు పెట్టకూడదు. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడగండి.

చేయవలసినవి

* తల్లిపాలే ఇవ్వండి. మరీ తక్కువ బరువు బిడ్డకు పాలలో కలిపే పోషక పొడి, భాస్వరం డాక్టరు రాస్తే మానకుండా ఇవ్వండి.
* విటమిన్ డి చుక్కలు చెప్పిన కొలతలోనే వేయండి. అరకు చలిలో బిడ్డను బట్టలు లేకుండా ఎండకు పెట్టడం దానికి బదులు కాదు.
* బిడ్డను రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకోండి. రోజుకు 8 నుండి 24 గంటలు ఇలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. తండ్రి, అమ్మమ్మ కూడా పెట్టుకోవచ్చు.
* ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు బిడ్డను చూపించండి, బరువు తూయించండి.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసిన గుర్తులు

ముట్టుకుంటే, గుడ్డ మారిస్తే ఏడవడం, ఒక చేయి లేక కాలు కదపకపోవడం, వాపు, బరువు పెరగకపోవడం, ఊపిరి వేగంగా తీయడం. ఇటువంటప్పుడు పసరు కట్టు కట్టించవద్దు, ఎముక సరిచేయమని లాగించవద్దు. ఆ చేతిని లేక కాలిని మెత్తని గుడ్డతో కదలకుండా ఆనించి, బిడ్డను గుండెకు హత్తుకుని, 108కి ఫోను చేయండి. రోడ్డు లేని ఊరైతే రోడ్డు వరకు డోలీలో తల్లి ఒడిలోనే తీసుకురండి. పాడేరుకైనా, విశాఖ కె.జి.హెచ్.కైనా పంపితే వెనుకాడవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది లోపు బిడ్డకు వైద్యం, ప్రయాణం ఉచితం.

త్వరగా గుర్తించి పోషణ అందిస్తే చాలామంది పిల్లల ఎముకలు తిరిగి గట్టిపడతాయి. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కార్డులో తదుపరి తేదీ రాసి ఉంటుంది. బిడ్డ బాగానే ఉందని ఆ రోజు మానుకోవద్దు.