పాత కంప్యూటర్‌ని అప్పుడే పారెయ్యకండి

చాతం,
శ్రీ విజయపురం,
నవంబర్ 2025.

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. కంప్యూటర్ ఆన్ చేసి, వెళ్లి టీ తాగొచ్చినా తెర మీద చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయనీ, షాపులో అబ్బాయి ‘విండోస్ 10 అయిపోయింది, ఇది ఇచ్చేసి కొత్తది తీసుకోండి’ అన్నాడనీ, మీ నాన్న కూడా అటే మొగ్గుతున్నాడనీ రాశావు. ఫోన్లో చెప్తే నువ్వు ‘ఆఁ, ఆఁ’ అంటావు, పెట్టేశాక ఒక్కటీ గుర్తుండదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. పక్కన పెట్టుకుని నిదానంగా ఒక్కొక్కటే చెయ్యి.

ఆ పెట్టెకి ఇంకా ఆయుష్షుంది. మీతో లిటిల్ అండమాన్‌లోని హట్‌బేకి ఓడెక్కేదాకా అది నా బల్ల మీదే ఉండేది కదా, నాకు తెలుసు. దానికి జబ్బేమీ లేదు, బరువు ఎక్కువైంది. ఇక్కడ మన చాతం కలప కోత మిల్లులో రంపం మొద్దుబారితే యంత్రాన్ని ఎవరూ సముద్రంలో పారెయ్యలేదు. పట్టీ దించి, పళ్లకి పదును పెట్టి, మళ్లీ ఎక్కించేవాళ్లు. 1883లో పెట్టిన మిల్లు అది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడిన గుంట ఇప్పటికీ ఆవరణలో ఉంది.

ముందు ఒక నోటు పుస్తకం తీసుకో. ఏది మార్చినా తేదీ వేసి ఒక లైను రాసుకో: ఎక్కడ మార్చాను, అంతకుముందు ఏముండేది. ఒకేరోజు నాలుగు మార్చావనుకో, బాగుపడితే దేనివల్లో తెలీదు, పాడైతే దేన్ని వెనక్కి తిప్పాలో అసలే తెలీదు. ఫొటోలూ నీ చదువు ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టు. తర్వాత సెర్చ్‌లో ‘రిస్టోర్ పాయింట్’ అని కొట్టు. వచ్చిన కిటికీలో సి డ్రైవ్‌కి ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి, క్రియేట్ నొక్కి, ఈ రోజు తేదీయే పేరుగా పెట్టు. రేపు ఏదన్నా తేడా వస్తే సెట్టింగులూ డ్రైవర్లూ ఈ రోజుకి తిరిగొస్తాయి. ఫొటోలు మాత్రం అది తిరిగివ్వదు, అందుకే పెన్‌డ్రైవ్ ముందు చెప్పాను.

ఇప్పుడు నెమ్మది సంగతి. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నాం కదా, పొద్దున్న కొత్తగానే మొదలవుతుంది అనుకుంటున్నావు. కాదు. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. షట్‌డౌన్ నొక్కితే అది నీ ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ, లోపలి కెర్నల్‌నీ డ్రైవర్లనీ ఉన్నవి ఉన్నట్టు డిస్కు మీద ఒక ఫైల్లో దాచి, మర్నాడు అక్కణ్ణించే లేపుతుంది. లోపల ఏదన్నా చిక్కుపడి ఉంటే ఆ చిక్కు కూడా దానితోపాటే లేస్తుంది. అంతా మొదటినుంచీ మొదలయ్యేది రీస్టార్ట్ నొక్కినప్పుడే. నమ్మకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర అప్‌టైమ్ చూడు. రోజూ ఆపుతున్న మెషీన్‌కి వారాల లెక్క కనిపించవచ్చు. ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యమని మాత్రం చెప్పను, పాత హార్డ్ డిస్కున్న మెషీన్ తొందరగా లేవడానికి అదే ఆధారం. వారానికోసారి రీస్టార్ట్ చెయ్యి, చాలు.

అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అని ఇంకో పేజీ ఉంటుంది. కంప్యూటర్ లేవగానే తామూ లేచి కూర్చునే ప్రోగ్రాములన్నీ అక్కడ వరసగా కనిపిస్తాయి: పాటలవి, ఆటలవి, చాటింగువి, ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్‌ది కూడా. ప్రతిదాని ఎదురుగా అది ఎంత బరువో హై, మీడియం, లో అని రాసి ఉంటుంది. హై అన్న వాటితో మొదలుపెట్టి, రోజుకి ఒకటో రెండో డిజేబుల్ చెయ్యి. ప్రోగ్రామ్ ఎక్కడికీ పోదు, కావలసినప్పుడు నువ్వే తెరుచుకుంటావు. సెక్యూరిటీ, సౌండ్, గ్రాఫిక్స్ అని కనిపించేవాటి జోలికి వెళ్లకు. నేను చూసిన ఇంటి కంప్యూటర్లలో సగం రోగం ఈ ఒక్క పేజీలోనే తీరిపోయింది.

మిగతా సగం డిస్కులో ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లోనే డిస్క్ గడి చూడు. నువ్వేమీ చెయ్యకుండా కూర్చున్నా అక్కడ ఎర్రగా 100 శాతం కనిపిస్తోందంటే, ఎన్ని సెట్టింగులు మార్చినా కొంతవరకే. అందులో ఉన్నది పాత రకం హార్డ్ డిస్క్. పళ్లెం తిరగాలి, దాని మీద ముల్లు ఒకచోటినుంచి ఇంకోచోటికి జరగాలి, అప్పుడు గానీ అక్షరం దొరకదు. విండోస్ 10 ఒకేసారి వంద చిన్న చిన్న ఫైళ్లు అడుగుతుంది, ఆ ముల్లు అటూ ఇటూ పరిగెత్తలేక అలిసిపోతుంది. అదే, దాని బదులు పెట్టే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. కొత్త కంప్యూటర్ ధరలో చిన్న వంతుకే వస్తుంది, పాత డిస్కులో ఉన్నదంతా ఉన్నట్టే దానిలోకి దించుకోవచ్చు. ఈ ఒక్క ఖర్చు నాకు న్యాయంగా తోస్తుంది. ర్యామ్ నాలుగు జీబీయే ఉంటే ఎనిమిది చెయ్యడం దాని తర్వాతి మాట.

ఖాళీ కూడా చూడు. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్. ఏది ఎంత తింటోందో రంగుల గీతలు చెప్తాయి. టెంపరరీ ఫైల్స్ ధైర్యంగా తీసెయ్, కానీ ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అని కూడా ఒక గడి ఉంటుంది. దాని మీద టిక్ పెట్టావా, నువ్వు దింపుకున్న పాఠాలన్నీ పోతాయి. డ్రైవ్‌లో ఆరో వంతయినా ఖాళీ ఉండాలనేది నా లెక్క.

ఇక ఆ షాపబ్బాయి మాట. అతను చెప్పింది సగం నిజం. 2015 జూలైలో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు మొన్న అక్టోబర్ 14తో ముగిసింది. అంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు, తలుపుకి కొత్తగా కన్నం పడితే పూడ్చేవాళ్లు ఉండరని. దీన్ని తేలిగ్గా తీసుకోకు. 2017 మేలో వానాక్రై అని ఒకటొచ్చి ప్రపంచమంతా కంప్యూటర్లలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని పాలబడ్డాయి, వాటిలో మన శ్రీకాకుళం జిల్లావీ ఉన్నాయి. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చేసింది. వేసుకున్నవాళ్లు బతికారు, రేపు చూద్దాంలే అనుకున్నవాళ్లు మునిగారు.

అప్‌డేట్లు దొంగల్ని ఆపడానికే అనుకోకు, మన అక్షరం కోసం కూడా వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’ని ఒక తీరుగా కూర్చి మెసేజ్ పంపితే చాలు, ఐఫోన్‌లో దాన్ని అందుకున్న యాప్ కుప్పకూలేది. అంతంత ఖరీదు ఫోన్లు మన జ్ఞానం ముందు నిలవలేకపోయాయని అప్పట్లో నేను చాలా నవ్వుకున్నాను. ఆపిల్ వాళ్లు ఆ నెలలోనే సరిచేసిన అప్‌డేట్ ఇచ్చారు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే, మరో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లకి పేరు నమోదు చేసుకోమని ఒక లింకు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి, సెట్టింగులు వాళ్ల దగ్గర కూడా దాచుకోవడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. 2026 అక్టోబర్ 13 దాకా నిశ్చింత. లింకు కనిపించకపోతే నీది 22హెచ్‌2 వెర్షన్ అవునో కాదో చూడు, కాకపోతే ముందు దానికి రావాలి. విండోస్ 11 మాత్రం ఆ కంప్యూటర్ మీద అధికారికంగా ఎక్కదు. అది ఇంటెల్‌లో మామూలుగా ఎనిమిదో తరం నుంచీ ప్రాసెసర్‌నీ, టీపీఎం 2.0 అనే భద్రత చిప్‌నీ అడుగుతుంది. మనది ఆరో తరం. దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులు యూట్యూబ్‌లో చాలా ఉన్నాయి. మీ ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్, పైగా నీకిది పరీక్షల ఏడాది. వద్దు. ఆ అప్‌డేట్ల ఏడాదీ అయ్యాక లైనక్స్ ఉంది, ఉచితం, పాత మెషీన్ల మీద తేలిగ్గా నడుస్తుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు దాన్ని తెలుగులోకి కూడా తెచ్చారు. అది వచ్చే ఏడాది ఉత్తరం.

అప్‌డేట్ అనగానే నెట్ అయిపోతుందని మీ నాన్న గొడవ. ఆ భయం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ మొదలయ్యేదాకా ఈ ద్వీపాలకి నెట్ అంతా ఉపగ్రహం మీదే. దాదాపు 36,000 కిలోమీటర్లు పైకి వెళ్లి మళ్లీ కిందికి దిగాలి ప్రతి మాటా. ఒక పేజీ తెరవడానికి పెట్టిన టైములో చాతం జెట్టీ నుంచి ఫెర్రీ బాంబూఫ్లాట్ చేరిపోయేది. అప్‌డేట్లు వైజాగ్ నుంచి ఎవరైనా ఓడలో వస్తుంటే పెన్‌డ్రైవ్‌లో తెప్పించుకునేవాళ్లం. ఇప్పుడా 2,300 కిలోమీటర్ల కేబుల్ మీ లిటిల్ అండమాన్‌కీ వచ్చింది. అయినా ఫోన్ హాట్‌స్పాట్ వాడే రోజుల్లో ఆ వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్లి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చెయ్యి. విండోస్ పెద్ద పెద్ద డౌన్‌లోడ్లు తనంతట తాను మొదలుపెట్టదు. మంచి నెట్ ఉన్న రోజు ఆఫ్ చేసి అప్‌డేట్లు దింపుకో. డెలివరీ ఆప్టిమైజేషన్‌లో వేరే కంప్యూటర్ల నుంచి తీసుకోవడం, వాటికి ఇవ్వడం అనేదాన్ని కూడా ఆపేస్తే, మీ డేటాతో ఊళ్లోవాళ్ల పని జరగదు.

ఎప్పుడైనా వెబ్‌సైట్లు ఒక్కసారిగా ‘భద్రం కాదు’ అంటూ తెరుచుకోకపోతే, వైరస్ అని కంగారుపడేముందు కింద మూల తేదీ చూడు. కరెంటు తీసేసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయిందన్నమాట. సీఆర్ 2032 అని అడుగు, చిల్లర డబ్బుల్లో వస్తుంది. నైట్ లైట్ సెట్టింగ్ కూడా ఒకసారి చూడు. సూర్యాస్తమయం నుంచి అని పెడితే ఈ నెలల్లో మనకి సాయంత్రం అయిదింటికే తెర పసుపెక్కి, నీ బొమ్మల రంగులన్నీ తప్పుగా కనిపిస్తాయి. దేశమంతటికీ ఒకే గడియారం పెట్టినవాళ్లు మన గురించి ఆలోచించలేదు, నువ్వు టైము చేత్తో పెట్టుకో. ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు నల్లబడి మెషీన్ లేవకుండా బీప్‌మంటే, ప్లగ్ పీకి, ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి బాగా దులిపి పెట్టు. పెద్ద ఇంజనీర్లు ఒప్పుకోరనుకో, మన దీవుల్లో మాత్రం అందరూ చేసేదిదే.

నీలం తెర వచ్చి తరచూ ఆగిపోతుంటే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్, ఎఫ్, సీ, ఒక ఖాళీ, ముందుకి వాలిన గీత, స్కాన్‌నౌ అని కలిపి కొట్టి ఎంటర్ నొక్కు. విండోస్ తన సొంత ఫైళ్లు తనే తనిఖీ చేసుకుని చెడినవి మార్చుకుంటుంది. అరగంట పట్టినా మధ్యలో ఆపకు.

ఒక్క క్లిక్కుతో పదిరెట్లు వేగం అని ప్రకటనలొచ్చే ప్రోగ్రాములు, రిజిస్ట్రీ క్లీనర్లు, ర్యామ్ బూస్టర్లు ఒక్కటి కూడా ఆ మెషీన్‌లోకి రానివ్వకు. అవి తీసే చెత్త కన్నా తెచ్చే చెత్త ఎక్కువ. రిజిస్ట్రీలో అనవసరమైనవి నాలుగు లైన్లు పడి ఉన్నంత మాత్రాన ఏ కంప్యూటరూ నెమ్మదించదు, అవసరమైనది ఒక్కటి చెరిపేస్తే మాత్రం నడవదు. ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనేవాళ్ల దగ్గరా అంతే జాగ్రత్త. అన్నీ చేశాక ఆఖర్న చెయ్యాల్సిన పని అది.

తెలుగులో టైప్ చెయ్యడం రావట్లేదని కూడా రాశావు. టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో తెలుగు కలిపి, కీబోర్డులలో ఫొనెటిక్ ఎంచుకో. 2019 మే అప్‌డేట్ నుంచీ అది విండోస్ 10లోనే ఉంది, వేరే ఏదీ దింపక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొడితే తెలుగు పడుతుంది. విండోస్ బటనూ స్పేస్ బారూ కలిపి నొక్కితే భాష మారుతుంది.

ముందుగా మూడు సంగతులు చూసి రాయి: సి డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉంది, ఊరికే ఉన్నప్పుడు డిస్క్ గడిలో ఎంత శాతం కనిపిస్తోంది, ర్యామ్ ఎంత. అవి చూశాక ఎస్‌ఎస్‌డీ కావాలనిపిస్తే నేనే అబర్డీన్ బజార్‌లో కొని, హట్‌బే వచ్చేవాళ్లెవరి చేతయినా పంపిస్తాను. అప్పటిదాకా కొత్తది కొనొద్దని తాతయ్య చెప్పాడని మీ నాన్నకి చెప్పు. నానమ్మ ఎండుచేపల పొట్లం కట్టి ఉంచింది, అదీ ఆ చేతికే ఇస్తాను.

ఇట్లు,
తాతయ్య