కొత్త చేతికి పని చెప్పాలి

పెడన ఊరు మచిలీపట్నానికి దగ్గర. గుడివాడ నుంచి బందరు పోయే రైలు దారిలో ఉంది. కలంకారీ అద్దకానికి పేరున్న ఊరు. అక్కడ చెక్క అచ్చులతో గుడ్డల మీద పూలు, తీగలు అద్దుతారు.

అలాంటి ఒక అద్దకం షెడ్డు అనుకుందాం. ఒకామె కొత్తగా పనికి వచ్చింది. చేతికి అచ్చు ఇచ్చారు. "అందరూ వేసినట్టే వెయ్యి" అన్నారు. ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. అడగాలంటే ఆమెకు బెరుకు. పటిక రసంలో అద్ది గుడ్డ మీద అచ్చు వేసింది. అక్కడక్కడ రసం ఒలికింది. మరక పెద్దగా కనిపించలేదు. "పర్వాలేదులే" అనుకుంది.

తర్వాత గుడ్డను ఎర్ర రంగు వేరుతో ఉడకబెట్టారు. పటిక పడిన చోటల్లా ఎర్రబడింది. పూలతోపాటు మరకలూ తేలాయి. గుడ్డ పాడైంది. యజమానికి నష్టం. ఆమెకు చీవాట్లు. మర్నాడు ఆమె పనికి రాలేదు.

తప్పు ఎవరిది? పటిక సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు!

పాతవాళ్ళకు అన్నీ తెలిసిన సంగతులే. కొత్తవాళ్ళకు చెబితేనే తెలుస్తాయి. గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపి తడుపుతారు. ఎందుకు? ఇనుము, బెల్లం ఊరబెడితే కసీం వస్తుంది. కరక్కాయ తగిలితేనే కసీం నల్లబడుతుంది. పాలు ఉంటే రంగు పాకదు. కారణం తెలిస్తే చెయ్యి జాగ్రత్త పడుతుంది.

కొత్త మనిషి వస్తే ఏం చెయ్యాలి?

1. కొత్త కోడలికి ఇల్లు చూపినట్టు షెడ్డంతా చూపాలి. మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఎక్కడో చెప్పాలి. మరిగే కాగు దగ్గర జాగ్రత్త చెప్పాలి.

2. కూలి రోజుకా, మీటరుకా, ఎంత అన్నది మొదటి రోజే తేల్చి చెప్పాలి.

3. పని బాగా తెలిసిన ఒకరికి అప్పగించాలి.

4. ముందు చేసి చూపాలి. తర్వాత పాత గుడ్డ మీద చేయించాలి.

5. రోజూ సాయంత్రం పక్కన కూర్చుని తప్పొప్పులు చెప్పాలి. నలుగురిలో తిట్టకూడదు.

"పిన్నిగారూ, ఇలా సరిపోతుందా?"

"కంగారు లేదమ్మాయ్. అచ్చు నిటారుగా పెట్టు. అరచేత్తో ఒక్కటి కొట్టు. ఆఁ, అంతే!"

ఇలా చెప్పేవాళ్ళుంటే కొత్తవాళ్ళు నిలుస్తారు. చెప్పడానికి పట్టిన పూట వృథా కాదు. పాడవకుండా మిగిలిన గుడ్డలో అది తిరిగి వస్తుంది.

దివిసీమలో రొయ్యల చెరువు దగ్గరా అంతే. నీళ్ళను చిలికే ఏరియేటర్లు కరెంటుతో తిరుగుతాయి. కరెంటు ఎక్కడ ఆపాలో కొత్త కాపలా మనిషికి ముందే చూపాలి. తడి చేత్తో ముట్టవద్దని చెప్పాలి. అక్కడ తప్పు జరిగితే పోయేది గుడ్డ కాదు, ప్రాణం.

కొత్తవాళ్ళూ ఒకటి గుర్తుంచుకోవాలి. తెలియకపోవడం తప్పు కాదు. అడగకపోతేనే నష్టం.

ఆలోచించండి, చెప్పండి

1. గుడ్డ మీద మరకలు ముందే ఎందుకు కనిపించలేదు?
2. మీరు పనిలో చేరిన మొదటి రోజు మీకు ఎవరు పని నేర్పారు?
3. మీ పనిలోకి కొత్తవాళ్ళు వస్తే మొదట ఏం చెబుతారు? మూడు మాటలు రాయండి.