తెర మీద విమానం

ఆకాశంలో పోయే విమానం తన నంబరు, ఎత్తు, వేగం, ఉన్న చోటు రేడియో ద్వారా చెబుతూనే ఉంటుంది. ఈ పద్ధతి పేరు ఏడీఎస్-బీ. ఆ కబురు ఇంట్లోనే అందుకోవచ్చు.

దీనికి మూడు వస్తువులు కావాలి. మిద్దె మీద ఏంటెనా. కబురు అందుకునే చిన్న రేడియో పరికరం. ఒక కంప్యూటర్.

ముందుగా కంప్యూటర్‌లో మన ఇల్లు ఎక్కడుందో నింపాలి. దూరం కిలోమీటర్లలో చూపేలా పెట్టుకోవాలి. తెర మీద పటం వస్తుంది. దాని మీద విమానం బొమ్మలు కదులుతాయి. బొమ్మను నొక్కితే వివరాలు కనిపిస్తాయి. ఎత్తు అడుగుల్లో ఉంటే, 35,000 అంటే పది కిలోమీటర్ల పైమాటే.

ఒక తల్లి కూతురు పనికోసం శంషాబాద్‌లో కువైట్ విమానం ఎక్కింది. తల్లి తెర చూస్తోంది. కాసేపటికి బొమ్మ మాయమైంది. తల్లి గుండె ఝల్లుమంది.

"ఏం కాలేదత్తమ్మా! మన ఏంటెనాకు అందనంత దూరం పోయింది" అంది కోడలు.

అవును. భూమి గుండ్రంగా ఉంది. దూరం పోయిన విమానం భూమి వంపు చాటుకు పోతుంది. కొండలు, పెద్ద భవనాలు అడ్డమైనా కబురు అందదు. ఏంటెనా ఎత్తున ఉంటే ఎక్కువ దూరం అందుతుంది.

బొమ్మ పోయినంత మాత్రాన విమానం పడిపోయినట్టు కాదు.

చెప్పండి:
1. విమానం ఏమేమి చెబుతుంది?
2. బొమ్మ ఎందుకు మాయమైంది?